చియెన్‌లాంగ్ గదుల్లోని జేడ్ పాత్రలు: వాడుకోవడానికా, చూసుకోవడానికా?

విరజాజి | ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. పోయిన నెల ఆఫీసు పని మీద బీజింగ్ వెళ్ళాను. చివరి రోజు సగం పూట ఖాళీ దొరికింది. తోటివాళ్ళు షాపింగ్‌కి వెళ్తే నేను ఫర్బిడెన్ సిటీకి వెళ్ళాను. ఆ కోటలో ఈశాన్యం వైపు, 18వ శతాబ్దంలో చైనాను ఏలిన చియెన్‌లాంగ్ చక్రవర్తి గద్దె దిగాక ఉండడానికని కట్టించుకున్న భవనాలున్నాయి. ఇప్పుడు అక్కడ నగలు, జేడ్ వస్తువులు చూపిస్తున్నారు.

ఒక తెల్ల జేడ్ గిన్నె ముందు నుంచి నాకు కదలబుద్ధి కాలేదు. పేరిన నెయ్యి రంగు. అంచు దగ్గర ఎంత పల్చన అంటే దీపం వెలుతురు అటు నుంచి ఇటు వచ్చేస్తోంది. రెండు పక్కలా పూమొగ్గల్లాంటి చిన్న పిడులు. దాని పక్కన మూత ఉన్న కూజా ఒకటి, ధూపం వేసే పాత్ర ఒకటి, ఇంకా పేర్లు తెలియనివి చాలా ఉన్నాయి. ఒక్క దాంట్లోనూ ఎవరో తాగిన, తిన్న గుర్తు లేదు.

హోటల్‌కి వచ్చాక కూడా అదే ఆలోచన. రాయిని తొలిచి గిన్నె చేయడానికి నెలలు పట్టి ఉంటుంది. చేశాక అందులో ఏమీ పోయకపోతే ఎందుకు చేసినట్టు? ఈ పాత్రలు రాజు గదిలో ఎక్కడ ఉండేవి? ఇంత పల్చగా లోపల ఎలా తొలిచారు? తెలిసినవాళ్ళు చెప్పండి, ఎంత పెద్దగా రాసినా చదువుతాను.

గోదారిగట్టు | ఆదివారం రాత్రి

జేడ్ అంటే మరకతమే కదండీ? మా అమ్మమ్మ ఉంగరంలో పచ్చ ఉండేది. అదీ ఇదీ ఒకటేనా?

సానరాయి | సోమవారం ఉదయం

కాదండీ. ఇరవై రెండేళ్ళుగా రత్నాలు సాన పట్టే పనిలో ఉన్నాను, ఈ ప్రశ్న వారానికి ఒకసారైనా వింటాను. అమ్మమ్మగారి పచ్చ మరకతం, అంటే ఎమరాల్డ్. జేడ్ పూర్తిగా వేరు. పైగా జేడ్ అనే పేరు కింద రెండు వేర్వేరు ఖనిజాలున్నాయి. ఒకటి నెఫ్రైట్, రెండోది జేడైట్. ఈ రెండూ ఒకటి కావని 1863లో అలెక్సిస్ దామూర్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. చైనావాళ్ళు వేల ఏళ్ళుగా పని చేసింది నెఫ్రైట్ మీద. మెరిసే ఆకుపచ్చ జేడైట్ బర్మా నుంచి చైనాకు బాగా రావడం మొదలైంది 18వ శతాబ్దంలోనే. విరజాజి గారు చూసిన తెల్ల గిన్నె నెఫ్రైటే అయి ఉండాలి.

గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద నెఫ్రైట్ 6 నుంచి 6.5, మరకతం 7.5 నుంచి 8. అంటే మరకతమే గట్టిది. కానీ గట్టిదనం వేరు, మొండితనం వేరు. మరకతాన్ని కింద పడేస్తే పగులుతుంది. నెఫ్రైట్ లోపల సన్నటి పోగులు కొబ్బరి తాడు పేనినట్టు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. దెబ్బ కొడితే ఆ దెబ్బను మింగేస్తుంది. అందుకే గోడ అంత పల్చగా చేసినా గిన్నె నిలబడింది. మరకతంతో అంత పల్చని గిన్నె చేయాలని ఏ పనివాడూ అనుకోడు.

చరిత్రపుట | సోమవారం మధ్యాహ్నం

విరజాజి గారూ, మీ ప్రశ్న చాలా బాగుంది. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైర్ అయ్యాను. చైనా కళ మీద ముందు నుంచీ ఇష్టం. ఆ గిన్నెను మీరు అద్దాల పెట్టెలో చూశారు. దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ గదిలో పెట్టి చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

ముందు గది. ఉత్తర చైనాలో చలి ఎక్కువ. అందుకని గదిలో కిటికీ పక్కన ఇటుకలతో అరుగు కట్టి, కింద నుంచి వేడి పోయేలా చేస్తారు. దాన్ని కాంగ్ అంటారు. పగలు దాని మీదే కూర్చుంటారు. మధ్యలో పొట్టి బల్ల ఉంటుంది. ఆ బల్ల మీద తరచుగా కనిపించేది మూడు పాత్రల జట్టు. ధూపం వేసే పాత్ర, ధూపం ముక్కలు దాచుకునే చిన్న భరిణె, పటకారు, బూడిద సర్దే గరిటె నిలబెట్టుకునే సన్నటి కూజా. ఈ మూడూ ఒకే జేడ్‌తో, ఒకే నగిషీతో చేయించేవాళ్ళు. మన పూజగదిలో కుంకుమ భరిణె, హారతి పళ్ళెం, గంట ఒక వరుసలో ఉన్నట్టే అనుకోండి. ఒకటి లేకపోతే మిగతావి వెలితిగా కనిపిస్తాయి. మ్యూజియంలో ఒక్కోసారి ఆ ధూపపాత్ర ఒక్కటే ఉంటుంది, జత విడిపోయి. అలా చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

తర్వాత రాత బల్ల. కుంచె కడుక్కునే గిన్నె, చాలా సార్లు తామరాకు ఆకారంలో ఉంటుంది. సిరా నూరడానికి నీళ్ళు పోసే చిన్న పాత్ర, అందులో బుల్లి చెంచా. కుంచెలు నిలబెట్టే డబ్బా, రాసేటప్పుడు మణికట్టు ఆనించుకునే పలక, ముద్ర వేసే ఎర్ర రంగు భరిణె. ఇవన్నీ జేడ్‌లో చేసేవాళ్ళు. ఇవి వాడకంలో ఉండే వస్తువులే.

ఇంకోటి అలమర. మన అలమరల్లో అరలు సమానంగా ఉంటాయి. వాళ్ళ దువోబావ్‌గ అనే అలమరలో ఒక అర పొడుగ్గా, ఒకటి పొట్టిగా, ఒకటి మెట్టులా మలిచి ఉంటుంది. కూజాకు కూజా ఎత్తు అర, గిన్నెకు గిన్నె వెడల్పు అర. ప్రతి పాత్రకు దాని అడుగుకు సరిగ్గా సరిపోయేలా చెక్కిన కర్రపీట. ఆ పీట మీద పెట్టాకే పాత్ర పూర్తయినట్టు. చియెన్‌లాంగ్ నివాసమైన యాంగ్‌షిన్ భవనంలో సాన్‌షీ అనే చదువుకునే గది ఎనిమిది చదరపు మీటర్లకు మించదు. ప్రపంచంలో అంత పెద్ద సామ్రాజ్యాన్ని ఏలినవాడు తనకోసం ఉంచుకున్న గది మన ఇళ్ళల్లో స్టోర్‌రూమ్ అంత. అలాంటి గదిలో చేతికి అందే దూరంలో పెట్టుకునే వస్తువులివి. దర్బారులో వందమందికి దూరం నుంచి చూపించడానికి చేసినవి కావు.

పాత్రల ఆకారాల సంగతి కూడా చెప్పాలి. చాలా జేడ్ కూజాలు, ధూపపాత్రలు మూడు వేల ఏళ్ళ కిందటి కంచు పూజాపాత్రల ఆకారంలో ఉంటాయి. రాజు దగ్గరున్న పాత కంచు పాత్రలకు బొమ్మలు గీయించి 1749 నుంచి 1755 వరకు షీచింగ్ గూజియెన్ అనే పెద్ద గ్రంథం తయారు చేయించారు. జేడ్ పనివాళ్ళకు అది నమూనా పుస్తకం కూడా అయింది. చియెన్‌లాంగ్ మంచూ జాతివాడు, అంటే ఈశాన్యం నుంచి వచ్చి చైనాను జయించిన వాళ్ళ వంశం. చైనా ప్రాచీన సంప్రదాయానికి తానే వారసుడినని చెప్పుకోవాలన్న తపన అతనికి జీవితాంతం ఉంది. కంచు యుగం రాజులు పూర్వీకులకు నైవేద్యం పెట్టిన పాత్ర ఆకారాన్ని తన గదిలో జేడ్‌లో పెట్టుకోవడం ఆ తపనలో భాగమే.

జేడ్‌తో పాత్ర చేయడం చియెన్‌లాంగ్ పుట్టిన చింగ్ వంశంతో మొదలైంది కాదు. 1976లో ఆన్యాంగ్‌లో తవ్విన ఫూ హావ్ రాణి సమాధిలో 755 జేడ్ వస్తువులు దొరికాయి. ఆవిడ క్రీ.పూ. 1200 ప్రాంతం మనిషి. వాటిలో గుయి అనే నైవేద్యపు గిన్నె ఆకారంలో జేడ్ పాత్రలు కూడా ఉన్నాయి.

ఉలిచప్పుడు | సోమవారం రాత్రి

నమస్తే మాస్టారూ. మాది ఆళ్ళగడ్డ, తాతల నుంచి శిల్పం పని. విరజాజి మేడమ్ అడిగిన మూడో ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. లోపల ఎలా తొలిచారు?

మేము దేవతా విగ్రహం చేసేటప్పుడు రాయి మాట్లాడుతుంది అంటాం. ఉలి దెబ్బకు వచ్చే శబ్దం బట్టి లోపల పగులుందో లేదో తెలుస్తుంది. సానరాయి అన్న చెప్పినట్టు జేడ్ దెబ్బను మింగేస్తే ఉలి పనికిరాదు కదా. మరి మూతి చిన్నగా, కడుపు పెద్దగా ఉన్న కూజా లోపల ఎలా తీస్తారు అన్నా? మేము రాతి గొలుసు చేస్తాం, ఒకే రాయిలో కడియాలు విడివిడిగా కదిలేలా. దాని కష్టం నాకు తెలుసు. కానీ మాకు బయటి నుంచి చెయ్యి పోతుంది.

సానరాయి | సోమవారం రాత్రి

తమ్ముడూ, సరైన చోట పట్టుకున్నావు. జేడ్‌ను చెక్కడం అనే మాటే తప్పు. అరగదీస్తారు. మొత్తం పని సానే.

పనివాడు ఒక బల్ల ముందు కూర్చుంటాడు. కింద రెండు తొక్కుడు పలకలు, వాటికి తాడు, ఆ తాడు ఒక ఇరుసుకు చుట్టి ఉంటుంది. ఒక కాలు తొక్కితే ఇరుసు ముందుకు, రెండో కాలు తొక్కితే వెనక్కి తిరుగుతుంది. ఇరుసు చివర ఇనుప చక్రం. రాయిని కోసేది ఆ చక్రం కాదు. పక్కనే గిన్నెలో తడిపిన ఇసుక ఉంటుంది. ఒక చేత్తో రాయిని చక్రానికి ఆనించి, ఇంకో చేత్తో ఆ ఇసుకను అందిస్తూ ఉంటాడు. క్వార్ట్జ్, గార్నెట్, కురువిందం లాంటి గట్టి రాళ్ళ పొడి అది. జేడ్ కన్నా గట్టిది కాబట్టి కొంచెం కొంచెంగా తింటుంది. చక్రం ఆ ఇసుకను నొక్కి పట్టే వేలు మాత్రమే. 1637లో సోంగ్ యింగ్‌షింగ్ అచ్చువేసిన సాంకేతిక గ్రంథంలో ఈ బల్ల బొమ్మతో సహా ఉంది.

ఇక లోపలి పని. ముందు గొట్టం లాంటి బోలు డ్రిల్లుతో మూతి నుంచి నిలువునా దించుతారు. మధ్యలో కడ్డీలా రాయి నిలిచి ఉంటుంది. దాన్ని అడుగున విరిచి బయటికి తీస్తారు. తర్వాత వంపు తిరిగిన చిన్న చిన్న పనిముట్లు మూతిలోంచి పంపి, ఇసుక పోస్తూ, భుజాల కింద భాగం అరగదీస్తారు. అప్పుడు కంటికి ఏమీ కనపడదు. వేళ్ళకు తెలిసే అదురును బట్టి గోడ ఎంత మిగిలిందో అంచనా కట్టుకోవాలి. ఒక్క చోట ఎక్కువ తింటే రంధ్రం పడుతుంది, నెలల పని పోతుంది. నువ్వు శబ్దం వింటావు, వాళ్ళు అదురు వింటారు.

చివరికి కర్ర చక్రం, సొరకాయ బుర్ర చక్రం, తోలు చక్రంతో మెరుగు పెడతారు. ఆ మెరుపు అద్దంలా ఉండదు. నూనె రాసిన చర్మంలా ఉంటుంది. నాకు జేడ్‌లో ఇష్టమైనది అదే.

ఉలిచప్పుడు | సోమవారం రాత్రి

అదురు వింటారు అన్న మాట మా నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనకుండా తన అరచేతులు చూసుకున్నారు.

కృష్ణాతీరం | మంగళవారం ఉదయం

అందరూ అందం గురించి రాస్తున్నారు. నేను ఆ రాయి ఎక్కడి నుంచి వచ్చిందో రాస్తాను. ఇది కూడా అదే పాత్ర కథ, దీన్ని వదిలేస్తే తప్పు చేసినట్టు అనిపిస్తుంది.

మంచి నెఫ్రైట్ బీజింగ్ దగ్గర దొరకదు. వేల కిలోమీటర్ల పడమర, ఇప్పటి షిన్‌జియాంగ్‌లో ఖోతాన్, యార్కండ్ ప్రాంతంలో దొరుకుతుంది. కున్‌లున్ కొండల మంచు కరిగి వరద వచ్చినప్పుడు రాళ్ళు నదుల్లోకి దొర్లుతాయి. చియెన్‌లాంగ్ సైన్యం 1759లో ఆ ప్రాంతాన్ని పూర్తిగా జయించింది. ఆ మరుసటి ఏడాది నుంచి అక్కడివాళ్ళు ప్రతి ఏటా జేడ్ కప్పంగా పంపాలి. సుమారు 4,000 జిన్‌లు, అంటే రెండు టన్నులకు పైనే.

ఎలా తీసేవాళ్ళో ఆ కాలపు రాతల్లో ఉంది. ఇరవై ముప్పై మంది ఒకరి పక్కన ఒకరు వరుసగా చెప్పులు లేకుండా చల్లటి నదిలోకి దిగుతారు. పాదాలతో తడుముతూ నడుస్తారు. జేడ్ కాలికి తగిలితే తెలిసిపోతుందట. ఒక మనిషి వంగాడంటే గట్టు మీద సైనికుడు కంచు గంట కొడతాడు. అధికారి కాగితం మీద ఒక ఎర్ర చుక్క పెడతాడు. నీళ్ళలోంచి బయటికి వచ్చాక ఎన్ని చుక్కలున్నాయో అన్ని రాళ్ళు లెక్క అప్పజెప్పాలి.

ఇది సర్కారు లెక్క. దొంగ లెక్క ఇంకా ఘోరం. యార్కండ్‌లో గావ్ పూ అనే పెద్ద అధికారి ఉండేవాడు. చక్రవర్తి భార్యల్లో ఒకరికి మేనల్లుడు. అతను మూడు వేల మందికి పైగా స్థానిక ఉయ్‌ఘర్ జనాన్ని కొండల్లోకి తోలి, జేడ్ తవ్వించి, సొంతానికి అమ్ముకున్నాడు. సరుకు జేడ్ పనికి పేరున్న సుజౌ నగరం దాకా వెళ్ళింది. 1778లో స్థానిక అధికారి ఒకరు ధైర్యం చేసి ఫిర్యాదు చేస్తే బయటపడింది. చియెన్‌లాంగ్ అతనికి మరణశిక్ష వేశాడు. బంధువని చూడలేదు. కానీ కప్పం మాత్రం ఆపలేదు.

విరజాజి గారూ, మీరు వెళ్ళిన ఆ భవనాల్లోనే పెద్ద జేడ్ కొండ చూసి ఉండాలి. యూ మహారాజు వరదను అదుపు చేసే దృశ్యం. మనకు భగీరథుడు గంగను దించినట్టు వాళ్ళకు యూ వరద నీటికి దారి తీశాడు. ఎత్తు 224 సెంటీమీటర్లు, బరువు ఐదు టన్నులకు పైన. ఆ రాయి యార్కండ్ దగ్గరి మిలెతా కొండది. బీజింగ్ చేర్చడానికే మూడేళ్ళకు పైగా పట్టింది. చలికాలంలో దారి మీద నీళ్ళు పోసి, గడ్డ కట్టాక ఆ మంచు మీద లాగేవాళ్ళని చెబుతారు. అక్కడి నుంచి మళ్ళీ దక్షిణాన యాంగ్‌జౌకు పంపారు. ముందు మైనంతో నమూనా చేశారు. దక్షిణాది ఎండకు అది కరుగుతుందని భయపడి కర్రతో ఇంకోటి చేశారు. 1781లో మొదలెడితే 1787లో అయింది. ఆ కొండ మీద చెక్కి ఉన్నది రాళ్ళు కొట్టే కూలీల బొమ్మలే. చక్రవర్తి వాటిని యూ కాలపు మనుషులుగా చూసి ఉంటాడు. నాకు మాత్రం మిలెతా కూలీలు కనపడతారు.

విరజాజి | మంగళవారం మధ్యాహ్నం

చూశానండీ. దాని ముందు జనం గుంపుగా ఉన్నారు, నేను ఒక్క నిమిషం కూడా నిలబడలేకపోయాను. ఆ బొమ్మల చేతుల్లో సుత్తులున్నాయి, అది గుర్తుంది. ఎర్ర చుక్క సంగతి చదివాక ఆ తెల్ల గిన్నెను తలుచుకుంటే మునుపటిలా లేదు. ఇది రాసినందుకు థాంక్స్.

చరిత్రపుట | మంగళవారం సాయంత్రం

కృష్ణాతీరం గారు రాసినదంతా నిజం, రాయాల్సిందే. దానికి ఒక ముగింపు కూడా ఉంది. చియెన్‌లాంగ్ 1799లో చనిపోయాడు. ఆ ఏడాదే అతని కొడుకు జియాచింగ్, దారిలో లాగుతున్న పెద్ద జేడ్ బండలను ఎక్కడివక్కడే వదిలేయమని ఆజ్ఞ ఇచ్చాడు. 1821లో మనవడు దావ్‌గ్వాంగ్ కాలంలో కప్పమే ఆగిపోయింది. ఆ తర్వాత ఆ స్థాయి పెద్ద పాత్రలు రాజభవనంలో తయారు కాలేదు.

మొదటి ప్రశ్నకు ఇంకో మాట కలపాలి. వాడని పాత్ర చేయించడం చియెన్‌లాంగ్‌కే నచ్చేది కాదు. అప్పట్లో సుజౌ బజారు పనివాళ్ళు గొప్పగా కనపడాలని ధూపపాత్రలకు, కూజాలకు జల్లెడలా చిల్లులు తీసి నగిషీ చేసేవాళ్ళు. నీళ్ళు పోస్తే నిలవవు, నిప్పు వేస్తే బూడిద రాలుతుంది. దాన్ని అతను జేడ్‌కు పట్టిన పీడ అన్నాడు. అతను రాసిన కవితలు నలభై వేలకు పైన ఉంటే, జేడ్ మీదే దాదాపు ఎనిమిది వందలు. వాటిలో ఈ కోపం పదే పదే కనపడుతుంది. పాత్ర అంటే పట్టేది. పట్టలేనిది పాత్ర కాదని అతని పట్టుదల. ఈ విషయంలో నేను పూర్తిగా అతని పక్షం.

వాడిన గిన్నె కూడా ఉంది. బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో బంగారు తీగలు, కెంపులు పొదిగిన తెల్ల జేడ్ గిన్నె ఒకటి ఉంది. లోపల 1786 నాటి చియెన్‌లాంగ్ కవిత చెక్కి ఉంది. అది పాల టీ గిన్నె. మంచూలకు పాలు కలిపిన టీ విందులో తప్పనిసరి. మీరు గిన్నెలో ఏం పోస్తారని అడిగారు కదా, ఇదిగో జవాబు.

సిన్‌చు_నుంచి | మంగళవారం రాత్రి

నేను తైవాన్‌లో సిన్‌చులో చిప్ కంపెనీలో పని చేస్తాను. తైపే నేషనల్ ప్యాలెస్ మ్యూజియం గంటన్నర దూరం, సెలవు దొరికితే అక్కడే ఉంటాను. 1933లో జపాన్ దాడి భయంతో బీజింగ్ నుంచి పెట్టెల్లో బయల్దేరిన రాజభవనం వస్తువుల్లో కొంత భాగం 1948, 49లో తైవాన్ చేరింది. అందుకే ఒకే గదిలో ఉన్న వస్తువులు ఇప్పుడు సముద్రానికి అటూ ఇటూ ఉన్నాయి.

ఇక్కడ అందరూ ఎగబడేది జేడైట్ క్యాబేజీకి. 18.7 సెంటీమీటర్లు, అరచేతికి కొంచెం పెద్దది. సగం తెలుపు సగం ఆకుపచ్చ ఉన్న రాయి, పైగా పగుళ్ళు. మామూలు పనివాడు పక్కన పడేసేవాడు. దీన్ని చేసినవాడు తెలుపును కాడ చేశాడు, పచ్చను ఆకు చేశాడు, పగుళ్ళను ఈనెల్లో దాచాడు. ఆకు మీద రెండు మిడతల్లాంటి పురుగులు. 19వ శతాబ్దం చివరి గ్వాంగ్‌షూ చక్రవర్తి భార్య జిన్ ఉన్న యోంగ్‌హ భవనంలో ఇది ఎనామెల్ పూలకుండీలో మొక్కలా నిలబెట్టి ఉండేది. మాస్టారు అన్నట్టు గదిలో చూడాల్సిన వస్తువు.

కానీ నేను రాయాలనుకున్నది ఇది కాదు. మెట్లెక్కి పైకి వెళ్తే ఒక్కోసారి చూపించే ఇంకో రకం పాత్రలున్నాయి. వాటి చైనా పేరు హెన్‌దూసితాన్ జేడ్. పేరు పలికితే తెలిసిపోతుంది, హిందుస్థాన్! మొఘల్ పనివాళ్ళు, వాళ్ళ పద్ధతిలో ఇతర ముస్లిం దేశాల పనివాళ్ళు చేసిన గిన్నెలు, పళ్ళాలు యార్కండ్ దారిలో చియెన్‌లాంగ్‌కు చేరాయి. చామంతి రేకుల్లా విప్పుకున్న పళ్ళాలు, మొగ్గ ఆకారపు పిడులు, కాగితంలాంటి గోడలు. చూసి అతను ముగ్ధుడైపోయాడు. తన పనివాళ్ళ కన్నా వీళ్ళ చెయ్యి మిన్న అని కవితల్లో రాసి, ఆ కవితలనే ఆ గిన్నెల మీద చెక్కించాడు. ఆ హిందుస్థాన్ ఎక్కడుందో తెలుసుకోవాలని పుస్తకాలు తిరగేసి వ్యాసం కూడా రాశాడు. తన కార్ఖానాలో అచ్చు అలాంటివే చేయించాడు.

విరజాజి గారూ, పూమొగ్గ పిడులు, వెలుతురు దిగే గోడ అన్నారు కదా. మీరు చూసిన గిన్నె ఆ కుటుంబానిదే అనిపిస్తోంది. మాస్టారు చెప్పిన పాల టీ గిన్నె కూడా ఆ పద్ధతిలోదే.

మొదటిసారి ఆ గదిలో నిలబడినప్పుడు పక్కన చైనీస్ అక్షరాలు, గిన్నె మీద మాత్రం మన దగ్గర సమాధుల మీద, మహళ్ళ గోడల మీద కనిపించే పువ్వు. ఇంటి నుంచి ఇంత దూరం వచ్చాక అలా కనపడితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

విరజాజి | మంగళవారం రాత్రి

ఇప్పుడే ఫోన్‌లో తీసిన ఫొటో మళ్ళీ చూశాను. పిడులు మొగ్గలే. అడుగున విప్పుకున్న పువ్వు. అంటే నేను బీజింగ్‌లో అంత సేపు చూసింది మన దేశపు ఆకారాన్నా! నాకు నిద్ర పట్టేలా లేదు.

మూసీ_ఒడ్డు | బుధవారం ఉదయం

మేడమ్, అయితే మీరు హైదరాబాద్ రావాలి. పాతబస్తీలో పుట్టి పెరిగినవాడిని. జేడ్‌ను మా పెద్దవాళ్ళు సంగె యశ్మ్ అంటారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్‌కు విడిగా గ్యాలరీ ఉంది. జహంగీర్ బాకు, నూర్జహాన్ పళ్ళు కోసుకునే చాకు, ఇల్తుత్‌మిష్ పేరు చెక్కిన పుస్తకం పెట్టుకునే పీట, షాజహాన్ బిరుదు చెక్కిన విలుకాడి ఉంగరం అక్కడే ఉన్నాయి. విషంతో ఉన్న భోజనం పెడితే యశ్మ్ పాత్ర పగిలిపోతుందని మా నాన్నమ్మ చెప్పేది. అది నిజం కాదు కానీ, రాజులు జేడ్ పాత్రలు దగ్గర పెట్టుకోవడానికి ఆ నమ్మకం కూడా ఒక కారణమే.

చిన్నప్పుడు స్కూల్ పిక్నిక్‌కి వెళ్ళి గడియారం దగ్గర నిలబడి వచ్చేసేవాళ్ళం, జేడ్ గది దాటేసేవాళ్ళం. సిన్‌చు అన్న రాసింది చదివాక ఆ గదికి మళ్ళీ వెళ్ళాలని ఉంది.

గోదారిగట్టు | బుధవారం మధ్యాహ్నం

ఒక సంగతి చెప్పుకోవాలి. రెండేళ్ళ కిందట విదేశీ టూర్‌లో ఒక షాపులో జేడ్ అని చెప్పి చిన్న ఆకుపచ్చ గిన్నె అమ్మారు. జీతంలో మంచి ముక్కే ఇచ్చాను. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఈ మధ్య గోరువెచ్చని నీళ్ళలో కడిగితే రంగు దిగింది. అమ్మకు కానుకగా తెచ్చాను, ఆవిడకు ఇంకా చెప్పలేదు. ఇలాంటివి ఎలా పోల్చుకోవాలి?

సానరాయి | బుధవారం సాయంత్రం

బాధగా ఉందండీ. రంగు వేసిన క్వార్ట్జ్ అయి ఉండొచ్చు, సర్పెంటైన్ అనే మెత్తటి రాయిని కూడా జేడ్ పేరుతో అమ్ముతారు. భూతద్దంతో చూడండి, వేసిన రంగు పగుళ్ళలో పేరుకుని గీతల్లా కనపడుతుంది. బరువు కూడా చెబుతుంది. క్వార్ట్జ్ నీటి కన్నా 2.65 రెట్లు బరువు, నెఫ్రైట్ సుమారు 3 రెట్లు, జేడైట్ 3.3 రెట్లు. ల్యాబ్‌లో చూపిస్తే ఖచ్చితంగా తేలుతుంది. అమ్మగారికి నిజం చెప్పేయండి. ఆవిడకు ముఖ్యం మీరు తేవడం.

కృష్ణాతీరం | బుధవారం రాత్రి

నా పోస్టు వల్ల చర్చ బరువెక్కిందేమో అనుకున్నాను. అందుకే నాకు చాలా ఇష్టమైన ఒక పాత్ర కథ చెబుతాను.

మంగోల్ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ 1265లో విందుల కోసం ఒక పెద్ద మద్యం తొట్టి చేయించాడు. మూడున్నర టన్నుల ఒకే రాయి. చుట్టూ అలలు, అలల్లో డ్రాగన్లు, చేపలు, ఇంకా రకరకాల సముద్ర జంతువులు. బీజింగ్‌లో సరస్సు మధ్య దీవిలో ఉన్న మందిరంలో ఉండేది. వంశాలు మారాయి, మందిరం కూలింది, తొట్టి ఎవరికీ పట్టలేదు. ఎలా చేరిందో ఒక తావో గుడికి చేరింది. అక్కడి పూజారులు అందులో కూరగాయలు ఊరబెట్టుకునేవాళ్ళు. ఆలోచించండి, ఖాన్ మద్యం తొట్టి వాళ్ళకు ఊరగాయ జాడీ అయింది!

1745లో చియెన్‌లాంగ్ దాన్ని కొని, బేహాయ్ సరస్సు పక్కన గుండ్రటి కోటలో పెట్టించాడు. దానికోసం రాతి మంటపం కట్టించాడు. లోపల కవితలు చెక్కించి, అలల నగిషీకి మళ్ళీ మళ్ళీ మెరుగు పెట్టించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. దాని అసలు పీట మాత్రం గుడిలోనే ఉండిపోయింది.

అక్షరం అక్షరం చెక్కించిన కవితల కన్నా, ఆ పూజారులు ఎండాకాలంలో మూత తీసి ముక్కలు కలిపిన రోజులే దానికి మంచి రోజులని నాకు అనిపిస్తుంది. మాస్టారూ, పాత్ర అంటే పట్టేది అన్నారు కదా.

చరిత్రపుట | బుధవారం రాత్రి

ఒప్పుకోను కృష్ణాతీరం గారూ. ఉప్పు నీళ్ళలో ఏళ్ళ తరబడి ఉంటే ఏ నగిషీ మిగులుతుంది? చియెన్‌లాంగ్ తీసుకురాకపోతే మనం ఈ మాట చెప్పుకోవడానికి కూడా అది ఉండేది కాదు. అయితే పాత నగిషీని తిరిగి అరగదీయించడం మాత్రం తప్పే. 1265 నాటి చెయ్యి ఎలా ఉండేదో మనకు పూర్తిగా తెలియకుండా పోయింది.

ఉలిచప్పుడు తమ్ముడి కోసం ఇంకో వస్తువు చెబుతాను. బీజింగ్ మ్యూజియంలో 15.5 సెంటీమీటర్ల ఎత్తున్న చిన్న జేడ్ దృశ్యం ఒకటుంది. తోటలో గుండ్రటి ద్వారం, సగం తెరిచిన తలుపు. ఇటు ఒక ఆడమనిషి, అటు ఇంకొకరు. తలుపు సందులోంచి ఒకరినొకరు చూసుకుంటున్నట్టు ఉంటుంది. అసలు ఆ రాయిలోంచి ఒక గిన్నె తీశారు. గిన్నె వెళ్ళిపోయాక మధ్యలో గుండ్రటి ఖాళీ ఉన్న చెత్త ముక్క మిగిలింది. సుజౌ పనివాడు ఆ ఖాళీని ద్వారం చేశాడు. రాయి మీద ఉన్న గోధుమ రంగు పై పొరను చెట్లు, బండలు చేశాడు. 1773లో చియెన్‌లాంగ్ దాని అడుగున కవిత చెక్కించి, పనికిరాని ముక్కను ఇలా చేసినందుకు మెచ్చుకున్నాడు. పనివాడి పేరు మాత్రం అందులో లేదు.

ఉలిచప్పుడు | గురువారం ఉదయం

మాస్టారూ, రాత్రి ఇది చదివి చాలాసేపు కూర్చున్నాను. మా పాకలో కూడా విగ్రహం తీశాక మిగిలిన ముక్కలు గోడ వారన పడి ఉంటాయి. నాన్న వాటిని ఎప్పుడూ పారేయనివ్వరు. ఎందుకని నేను అడగలేదు. పొద్దున అడిగాను. దాంట్లో ఏదో ఉంది, ఇంకా కనపడలేదు అన్నారు.

ఆ గిన్నె ఇప్పుడు ఎక్కడుందో తెలియకపోయినా పర్లేదు. ఆ ఖాళీ ద్వారం చూడాలని ఉంది. బీజింగ్ వెళ్ళలేను గానీ మూసీ అన్న చెప్పిన సాలార్‌జంగ్ వెళ్ళగలను. నాన్నను, మా చిన్నోడిని తీసుకుని హైదరాబాద్ వస్తాను. వెనక నుంచి వెలుతురు పడే గిన్నె ఒక్కటైనా ఉంటే నాన్నకు చూపించాలి. ఏ రోజు రావచ్చు అన్నా?

మూసీ_ఒడ్డు | గురువారం ఉదయం

శుక్రవారం సెలవు తమ్ముడూ, ఆ రోజు తప్ప ఎప్పుడైనా రా. ఆదివారం అయితే నేను గేటు దగ్గరే ఉంటాను. నాన్నగారికి మెట్లు ఇబ్బందైతే చెప్పు, నెమ్మదిగా పోదాం. ముందు జేడ్ గది, తర్వాతే గడియారం.

విరజాజి | గురువారం మధ్యాహ్నం

ఆదివారం నేను కూడా వస్తాను. ఫొటో ప్రింట్ తీయించి తెస్తాను, పక్కన పెట్టి ఆ పువ్వును పోల్చి చూద్దాం.